జపాన్ గురించి మాట్లాడే ముందు చదవవలసిన పుస్తకాలు

ధార్మిక ప్రసంగాల్లో ఇటీవల జపాన్ ప్రస్తావన తరచుగా వినవస్తోంది. అక్కడి వీధుల పరిశుభ్రత, రైళ్ల సమయపాలన, పోగొట్టుకున్న పర్సు యజమానికి తిరిగి చేరడం, బడిలో పిల్లలే తమ తరగతి గదులను ఊడ్చుకోవడం వంటివన్నీ వర్ణిస్తారు. ఆపైన "వారి దగ్గర కలిమా లేదు గాని ఇస్లాం ఉంది, మన దగ్గర కలిమా ఉంది గాని ఇస్లాం లేదు" అని ముగించడం ఒక రివాజుగా మారింది. శ్రోతలు కాసేపు తల దించుకుంటారు, ఇంటికి వెళ్లి మరచిపోతారు.

ఈ మాట వెనుక సదుద్దేశం ఉందనడంలో సందేహం లేదు. అయినా ఇందులో రెండు అన్యాయాలున్నాయి. పన్నెండు కోట్ల మందికి పైగా ఉన్న ఒక జాతిని, వారి సుఖదుఃఖాలతో, తప్పొప్పులతో తెలుసుకునే ప్రయత్నమే చేయకుండా, మన వాళ్లను అదిలించే బెత్తంగా వాడుకోవడం మొదటిది. రెండవది అంతకంటే తీవ్రమైనది. ఆ ప్రసంగం విన్న ఇంటర్మీడియట్ విద్యార్థి మనసులో సహజంగానే ఒక ప్రశ్న పుడుతుంది: ధర్మం లేకుండానే ఇంత నీతి సాధ్యమైతే, ఇక ధర్మంతో పనేమిటి? జపాన్ గురించి పది పేజీలైనా చదవని వక్త దగ్గర ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

మానవులను జాతులుగా, తెగలుగా చేయడంలోని ఉద్దేశం పరస్పర పరిచయమని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా బోధిస్తుంది. ఎవరైనా వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోవాలని ఆదేశించేది కూడా ఆ సూరాయే. ఈ రెండు బోధనలూ ఒకే చోట ఉండటం గమనించదగిన విషయం. విచారణ లేని పరిచయం పరిచయం కాదు, వదంతి మాత్రమే. విద్య కోసం చైనాకైనా వెళ్లమని చెప్పే ప్రసిద్ధ వాక్యం సనదు బలహీనమని ముహద్దిసులు నిర్ధారించారు. అంత మంచి మాటనైనా పరీక్షించకుండా స్వీకరించని సంప్రదాయం మనది. హదీసు విద్యలో మనం అడిగే ప్రశ్నలనే జపాన్‌ను గురించిన పుస్తకాలకూ వేద్దాం. చెప్పినవారు ఎవరు? స్వయంగా చూశారా, ఇతరుల నుంచి విన్నారా? ఎవరి కోసం చెప్పారు? మరొక ఉల్లేఖనం దాన్ని బలపరుస్తోందా, ఖండిస్తోందా?

ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టిన గ్రంథం

ఇనాజో నితోబె 1862లో ఒక సమురాయ్ కుటుంబంలో జన్మించారు. అమెరికా, జర్మనీలలో చదువుకొని క్రైస్తవంలోని క్వేకర్ శాఖను స్వీకరించారు. తరువాతి కాలంలో నానాజాతి సమితిలో ఉన్నత పదవి నిర్వహించారు. ఒకసారి బెల్జియం దేశపు న్యాయశాస్త్రవేత్త ఒకరు, మీ బడుల్లో మతబోధ లేదంటున్నారు, మరి పిల్లలకు నీతి ఎలా నేర్పుతారని ఆయనను అడిగారు. నితోబెకు వెంటనే సమాధానం తోచలేదు. ఏళ్ల తరబడి ఆలోచించి ఆయన ఇచ్చిన సమాధానమే 1900లో ఆంగ్లంలో వెలువడిన 'బుషిదో' అనే చిన్న పుస్తకం. న్యాయం, ధైర్యం, దయ, మర్యాద, సత్యసంధత, గౌరవం, విధేయత అనే గుణాలు యోధుల ఇళ్ల నుంచి సమాజమంతటా ఎలా పాకాయో ఆయన వివరించారు.

మన విద్యార్థి అడిగే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఆ గుణాలు శూన్యంలో నుంచి ఊడిపడ్డాయని నితోబె చెప్పలేదు. బౌద్ధం, షింతో, కన్ఫ్యూషియస్ బోధనలు వాటికి మూలాలని పుస్తకం ఆరంభంలోనే చెప్పారు. అంటే 'ధర్మం లేని నీతి' అని మన వక్తలు వర్ణించేది నిజానికి శతాబ్దాల ధార్మిక, నైతిక శిక్షణకు పండిన పంట. విశ్వాసాల విషయంలో వారితో మనకు మౌలికమైన భేదం ఉంది. కాని వారికి ఏ బోధా లేదనడం మాత్రం వాస్తవం కాదు.

ఇక రావీని పరీక్షిద్దాం. నితోబె ఈ పుస్తకాన్ని అమెరికాలో ఉండగా, పాశ్చాత్యుల కోసం రాశారు. తన జాతి గౌరవాన్ని పరాయివారి ముందు నిలబెట్టాలనే తపన ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. జపాన్‌లో దీర్ఘకాలం బోధించిన ఆంగ్ల పండితుడు బాసిల్ హాల్ చేంబర్లిన్, బుషిదో పేరిట ప్రచారమవుతున్నది ప్రాచీన సంప్రదాయం కాదని, ఇటీవల కల్పించుకున్నదని 1912లోనే విమర్శించాడు. కనుక ఈ పుస్తకాన్ని జపాన్ చిత్రపటంగా కాక, ఒక సత్పురుషుడు తన జాతిని ఎలా చూడాలనుకున్నాడో చెప్పే పత్రంగా చదవడం సమంజసం.

చూడకుండా రాసిన ప్రసిద్ధ రచన

రెండవ గ్రంథం అమెరికన్ మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ రాసిన 'క్రిసాంథమమ్ అండ్ ద స్వోర్డ్'. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, శత్రువును అర్థం చేసుకోవడానికి 1944లో అమెరికా ప్రభుత్వం ఆమెకు ఈ పని అప్పగించింది. గ్రంథం 1946లో వెలువడింది. ఆమె జపాన్‌లో అడుగు పెట్టలేదు. అమెరికాలోని జపాను సంతతి వారిని ప్రశ్నించి, పుస్తకాలు, సినిమాలు పరిశీలించి రాశారు. అయినప్పటికీ దశాబ్దాల పాటు ప్రపంచం జపాన్‌ను ఆమె కళ్లతోనే చూసింది. జపానీయులు కూడా దాన్ని అనువదించుకొని విస్తృతంగా చదివారు, వాదించారు.

మేలు చేసిన వారి పట్ల జీవితాంతం మిగిలే రుణభావాన్ని, లోకమర్యాద విధించే బాధ్యతను ఆమె విడమరచి చెప్పిన తీరు నేటికీ చదవదగినది. అయితే పాశ్చాత్యులది అపరాధభావ సంస్కృతి అని, జపానీయులది లోకానికి వెరచే సిగ్గు సంస్కృతి అని ఆమె చేసిన విభజన మీద ఎన్నో ఆక్షేపణలు వచ్చాయి. ముస్లిం పాఠకునికి ఈ చర్చ కొత్త కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) హయాను విశ్వాసపు శాఖగా పరిగణించారు. ఎవరూ చూడని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఆ హయాకు ప్రాణం. నలుగురూ చూస్తున్నప్పుడు మాత్రమే కలిగే సిగ్గు వేరు. మరి జపానీయుల సిగ్గు నిజంగా లోకుల కళ్లతోనే ముగిసిపోతుందా?

దీనికి మరొక ఉల్లేఖనం కావాలి. నత్సుమె సోసెకి 1914లో రాసిన 'కొకొరొ' నవలలో ఒక పెద్దమనిషి యవ్వనంలో తన మిత్రునికి చేసిన ద్రోహాన్ని ఏళ్ల తరబడి మనసులో మోస్తాడు. ఆ సంగతి లోకానికి తెలియదు, భార్యకు సైతం తెలియదు. అయినా అతడు ఒక్క రోజు కూడా మనశ్శాంతి ఎరుగడు. సాక్షి లేని చోట కాల్చివేసే ఈ వేదన సిగ్గు కాదు, అపరాధభావమే. బెనెడిక్ట్ సిద్ధాంతాన్ని ఆమె కంటే ముప్పై ఏళ్ల ముందు వచ్చిన ఒక జపాను నవల ఇలా సందేహంలో పడవేస్తుంది. ఈ కథ ఆత్మహత్యతో ముగుస్తుంది. మన షరీఅత్‌లో అది నిషిద్ధం. కాబట్టి చిన్న వయసు వారి చేతికి ఇచ్చేముందు పెద్దలు చదివి, వారితో మాట్లాడటం అవసరం. తౌబా ద్వారం తెరిచే ఉందన్న ఎరుక లేని మనిషి ఎంత ఒంటరివాడవుతాడో ఆ సంభాషణలో చెప్పవచ్చు.

భారతదేశాన్ని చూసి జపాన్‌ను గురించి రాసిన పండితురాలు

చియె నకానె జపాను సామాజిక మానవశాస్త్రవేత్త, తోక్యో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి పొందిన తొలి మహిళ. భారతదేశంలో క్షేత్ర పరిశోధన చేశారు. మన దేశాన్ని చూసిన కళ్లతో తన దేశాన్ని పరికించి రాసిన గ్రంథం జపాను భాషలో 1967లో, 'జాపనీస్ సొసైటీ' పేర ఆంగ్లంలో 1970లో వచ్చింది. ఆమె ప్రతిపాదన సులభంగా అర్థమయ్యేదే. భారతీయుడు తన గుర్తింపును పుట్టుకలో, కులంలో చూసుకుంటాడు. జపానీయుడు తాను ఉన్న చోటులో, అంటే ఇంట్లో, ఊరిలో, కంపెనీలో చూసుకుంటాడు. ఏ వృత్తి చేస్తున్నాడనే దానికంటే ఏ సంస్థ మనిషి అన్నదే ముందు చెబుతాడు. ఆ సంస్థ లోపల సంబంధాలు నిలువుగా, పైవాడికీ కిందివాడికీ మధ్య సాగుతాయి.

ఉద్యోగం కోసం జపాన్ వెళ్లదలచిన మన యువకులు భాషతోపాటు ఈ పుస్తకాన్నీ చదవాలి. సమావేశంలో పై అధికారి మాటకు ఎవరూ ఎందుకు ఎదురు చెప్పరో, ఒక్క ఏడాది ముందు చేరినవాడు ఎందుకు పెద్దవాడవుతాడో బోధపడుతుంది. అయితే నకానె చిత్రంలో ప్రధానంగా కనిపించేది పెద్ద సంస్థల్లోని పురుషులే. ఐనూలు, ఒకినావా వాసులు, తరాలుగా అక్కడ నివసిస్తున్న కొరియన్లు ఆ చట్రంలో సరిగా ఇమడరు. జపానీయులంతా ఒకే జాతి అన్న నమ్మకం ఎలా రూపొందిందో చరిత్రకారుడు ఎయిజి ఒగుమా 1995లో ప్రచురించిన గ్రంథంలో సవివరంగా చూపారు.

విద్యార్థి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది. సమూహానికి కట్టుబడిన సద్గుణం ఆ సమూహం లోపల ఎంతో అందంగా వికసిస్తుంది. దాని సరిహద్దు దాటాక ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. ఇంటా బడిలో నేర్పిన అదే విధేయత, అదే క్రమశిక్షణ గత శతాబ్దంలో సైనిక పాలకుల చేతిలో పడి, 1937లో చైనాలోని నాన్‌జింగ్ నగరంలో ఘోర హింసకు సాధనమయ్యాయి. సృష్టికర్త ఆజ్ఞను మీరే విషయంలో ఏ మనిషికీ విధేయత చూపరాదని ప్రవక్త (స) నేర్పింది ఇందుకే. ఈ మాట చెప్పి మనం భుజాలు చరచుకోనక్కర లేదు. బిరాదరీ పేరుతో, వంశం పేరుతో సంబంధాలు తెంచుకునే ఇళ్లు మన మహల్లాల్లో తక్కువేమీ కాదు.

కుటుంబమంతా చదవదగినవి

జునిచిరొ తనిజాకి నవల 'మకియొకా సిస్టర్స్' తెలుగువారికి పరాయి కథగా అనిపించదు. ఒసాకాలో ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం, నలుగురు అక్కచెల్లెళ్లు. మూడవ అమ్మాయి యుకికొకు పెళ్లి కుదరదు. వంశ గౌరవం పేరుతో వచ్చిన సంబంధాలను తిరగగొట్టిన కొద్దీ వయసు మీరుతుంది, ఆమె పెళ్లి అయ్యే దాకా చిన్న చెల్లెలి పెళ్లి ఆగాలి. పెళ్లిచూపులు, రహస్య విచారణలు, మధ్యవర్తుల మర్యాదలు చదువుతుంటే మన బంధువుల ఇంటి ముచ్చటే అనిపిస్తుంది. 1943లో పత్రికలో ధారావాహికగా మొదలైన ఈ నవలను, యుద్ధకాలానికి తగదంటూ సైనిక అధికారులు ఆపించారు. నికాహ్‌ను సులభం చేయమన్న ప్రవక్త (స) బోధ విలువ తెలుసుకోవడానికి ఇటువంటి కథ ఎంతో ఉపకరిస్తుంది.

పిల్లలతో కలిసి చదవడానికి తెత్సుకో కురొయనాగి రాసిన 'తొత్తోచాన్' ఉంది. 1981లో వెలువడిన ఈ జ్ఞాపకాల పుస్తకం తెలుగులో 'రైలుబడి'గా సుపరిచితం. అల్లరి పిల్ల అని ఒకటవ తరగతిలోనే బడి నుంచి పంపివేసిన బాలికను మరొక బడి ప్రధానోపాధ్యాయుడు సొసాకు కొబయాషి చేర్చుకుంటారు. చేర్చుకునే ముందు ఆమె మాటలను నాలుగు గంటలపాటు విసుగు లేకుండా వింటారు. పాత రైలు పెట్టెలే అక్కడి తరగతి గదులు. పోలియో సోకిన పిల్లవాడు కూడా అందరితో సమానం. 1945లో వైమానిక దాడిలో ఆ బడి కాలిపోయింది. మద్రసా ఉస్తాదులు, తల్లిదండ్రులు ఆ నాలుగు గంటల సన్నివేశాన్ని తప్పక చదవాలి. హిఫ్జ్‌లో వెనుకబడిన పిల్లవాని మాటను మనలో ఎందరం నాలుగు నిమిషాలైనా వింటున్నాం?

హైదరాబాద్ నుంచి వెళ్లిన చూపు, జపాన్ నుంచి వచ్చిన చూపు

జపాన్ అధ్యయనం మన ప్రాంతానికి కొత్త కాదు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు రాస్ మసూద్ నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖాధిపతిగా ఉండగా 1922లో జపాన్ పర్యటించారు. అక్కడి విద్యావ్యవస్థపై ఆయన రాసిన నివేదిక 1923లో హైదరాబాద్‌లో ప్రచురితమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య ప్రారంభించిన కాలమది. పాశ్చాత్య శాస్త్రాలను తన భాషలోకి తెచ్చుకున్న ఆసియా దేశంగా జపాన్ హైదరాబాద్‌ను ఆకర్షించింది. ఆయన చేసిన పని మన ప్రసంగాలకు పూర్తిగా భిన్నమైనది. జపాన్‌ను పొగడటంతో సరిపెట్టక, అక్కడి బడులు ఎలా నడుస్తున్నాయో అడిగి తెలుసుకొని రాశారు.

ఇక జపాన్ వైపు నుంచి చూస్తే, తొషిహికొ ఇజుత్సు (1914-1993) పేరు ముందుగా చెప్పాలి. జెన్ సంప్రదాయపు ఇంట పుట్టిన ఈ పండితుడు ముస్లిం కాదు. తాతారు ఆలిములైన అబ్దుర్రషీద్ ఇబ్రాహీం, మూసా జారుల్లా తోక్యోకు వచ్చినప్పుడు వారి వద్ద అరబీ అభ్యసించారు. 1957-58లో ఖుర్ఆన్‌ను అరబీ నుంచి నేరుగా జపాను భాషలోకి అనువదించారు. ఆపైన ఖుర్ఆన్ నైతిక పదజాలంపై ఆంగ్లంలో గ్రంథాలు రచించారు. కుఫ్ర్ వంటి పదానికి బయటి అర్థాన్ని అంటగట్టకుండా, ఖుర్ఆన్‌లో అది షుక్ర్‌కు, ఈమాన్‌కు ఎదురుగా ఎలా నిలుస్తుందో చూపి, దాని అర్థాన్ని అక్కడి నుంచే రాబట్టారు. 1972లో జపానీ ముస్లిం ఉమర్ మితా అనువాదం కూడా వెలువడింది.

మన గ్రంథం పట్ల ఒక పరాయి పండితుడు ఇంత నిజాయితీ చూపారు. ఆయన జాతి గురించి మాట్లాడేటప్పుడు వాట్సాప్ వీడియోతో సరిపెట్టుకోవడం మనకు శోభించదు.

ఎక్కడ మొదలు పెట్టాలన్న వారికి ఒక సూచన. మొదట 'రైలుబడి'ని పిల్లలతో కలిసి చదవండి. తరువాత తనిజాకి నవల, ఆపైన నకానె గ్రంథం చేపట్టండి. నితోబె, బెనెడిక్ట్ పుస్తకాలను పక్కపక్కన పెట్టుకొని, ఒకరు జాతి గౌరవం కోసం, మరొకరు యుద్ధ అవసరం కోసం రాశారని గుర్తుంచుకొని చదవండి. అప్పుడు మింబరు మీద జపాన్ పేరెత్తినా మన మాటలో కొరడా ఉండదు, పరిచయం ఉంటుంది.

పరుల మంచిని అసూయ లేకుండా గుర్తించే హృదయాన్ని, వారి గురించి న్యాయంగా పలికే నాలుకను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.