పలకరాయి పాఠానికి రెండు ప్రణాళికలు

మార్కాపురం గనుల్లో దొరికే పలకరాయి మీద తరతరాల తెలుగు పిల్లలు తొలి అక్షరాలు దిద్దారు. అదే రాయిని శిలల పాఠంలో ఎలా బోధించాలన్న ప్రశ్న వేసుకుంటే, పాఠ్య ప్రణాళికా రచనను చెరో వైపు లాగుతున్న ప్రవర్తనావాదానికీ నిర్మాణాత్మకవాదానికీ మధ్య ఉన్న తేడా చక్కగా తెలుస్తుంది.

మనస్తత్వ శాస్త్రం బయటికి కనబడే ప్రవర్తననే పరిశీలించాలని 1913లో మనస్తత్వవేత్త వాట్సన్ వాదించగా, ఆశించిన ప్రతిస్పందన రాగానే ప్రతిఫలం అందితే అది స్థిరపడుతుందని స్కిన్నర్ ప్రయోగాలతో చూపించాడు. ఇలా స్థిరపరచడాన్నే పునర్బలనం అంటారు. ఉపాధ్యాయ శిక్షణలో రాయించే పాఠ్య పథకంలోని ‘లక్ష్యాలు, స్పష్టీకరణలు’ ఈ ప్రవర్తనావాద దృష్టి నుంచే బలం పుంజుకున్నాయి. ఈ పద్ధతిలో రాసిన శిలల పాఠంలో, విద్యార్థి మూడు రకాల శిలలను పేర్కొంటాడు, పలకరాయిని రూపాంతర శిలగా గుర్తిస్తాడు అన్న వాక్యాలు ముందుగా ఉంటాయి. ఉపాధ్యాయుడు విషయాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి చెబుతూ, మెట్టుమెట్టుకూ ప్రశ్న వేసి, సరైన జవాబును మెచ్చుకుని, తప్పును అక్కడికక్కడే దిద్దుతాడు.

ఇద్దరూ 1896లోనే పుట్టిన మనస్తత్వవేత్తలు పియాజె, వైగోట్‌స్కీల ఆలోచనల మీద నిలిచిన నిర్మాణాత్మకవాదం, పిల్లలు జ్ఞానాన్ని అందుకోరని, తమకు తెలిసినదానితో కలిపి తామే కట్టుకుంటారని చెబుతుంది. ఒంటరిగా చేయలేని పనిని తెలిసినవారి సాయంతో బిడ్డ చేయగలిగే మేరను వైగోట్‌స్కీ సమీప వికాస మండలం అన్నాడు. ఈ దృష్టితో రాసిన ప్రణాళిక నిర్వచనంతో కాక ప్రశ్నతో మొదలవుతుంది: పలకరాయి పలచని రేకులుగా చీలుతుంటే చీమకుర్తి నల్లరాయి ఎందుకు చీలదు?

రెండు రాళ్లనూ చేతికిస్తే, ఎండిన చెరువు అడుగున బంకమట్టి పెళ్లలుగా లేవడం చూసిన కంభం, గిద్దలూరు పిల్లలు, నీరు తెచ్చిన మట్టి పొర మీద పొరగా పేరుకున్నందువల్లే రాయి చీలుతోందని చెప్పడం సహజం. అది సగం నిజమే. పలకరాయి ఒకప్పటి బంకమట్టే. కానీ భూగర్భంలో తీవ్రమైన ఒత్తిడికి గురైనప్పుడు అందులోని సన్నని అభ్రకపు రేకులు ఆ ఒత్తిడికి అడ్డంగా ఒకే వరసలో సర్దుకోవడం వల్ల, రాయి ఆ వరస వెంబడి చీలుతుంది, మట్టి పేరుకున్న పొర వెంబడే చీలాలన్న నియమం లేదు. నల్లమల శ్రేణిలోని ఈ శిలాసముదాయాన్ని భూవిజ్ఞానులు కంభం పేరుతోనే పిలుస్తారు. మొదటి ప్రణాళికలో ‘రూపాంతర శిల’ అని తడుముకోకుండా చెప్పి మెప్పు పొందిన విద్యార్థి మనసులో చెరువుమట్టి ఊహ చెక్కుచెదరకుండా ఉండిపోవచ్చు, అది ఉన్నట్టు ఉపాధ్యాయుడికి తెలిసే దారి ఆ ప్రణాళికలో దాదాపు లేదు. రెండో ప్రణాళిక అసలు విలువ ఇక్కడే ఉంది: పిల్లల పొరపాటు అందులో పాఠానికి ముడిసరుకు.

ఈ నిర్మాణాత్మకవాద ఆలోచన ఆంధ్రప్రదేశ్‌కు కొత్తది కాదు. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేసి నేర్చుకోవడాన్ని, స్థానిక పరిసరాల వినియోగాన్ని తన సూత్రాల్లో చేర్చుకుంది. తర్వాత జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం-2005 జ్ఞాన నిర్మాణాన్ని కేంద్రంగా తీసుకోగా, 2009 విద్యాహక్కు చట్టం కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా సాగే అభ్యసనను ప్రస్తావించింది. అయితే పాఠ్య పథకంలోని గడుల పేర్లు మార్చినంత మాత్రాన బోధన మారదు. ‘ఆలోచింపజేసే ప్రశ్నలు’ అన్న శీర్షిక కింద ఒకే జవాబున్న ప్రశ్నలు రాస్తే అది పాత పథకమే.

అలాగని ప్రవర్తనావాదాన్ని తోసిపుచ్చడం పొరపాటు. గుణింతాలూ ఎక్కాలూ పిల్లలు తమంతట తాము కనిపెట్టాలని ఎదురుచూడటం వారికి అన్యాయం చేయడమే. అక్కడ చిన్న మెట్లు, పదేపదే సాధన, వెంటనే దిద్దుబాటు కావాలి. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూసుకునే బడిలో ప్రతి పాఠాన్నీ అన్వేషణగా మలచడం సాధ్యపడదు కూడా. సాధనతో వచ్చేవాటిని అలా సాగనిచ్చి మిగుల్చుకున్న సమయాన్ని, మార్కాపురం ప్రాంతపు పిల్లలకు ఇంట్లోనే పరిచయమైన పలకరాయికీ, ఎండిపోయే బోరుబావికీ, కొన్ని ఊళ్ల నీటిలోనే ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువగా ఉంటుందన్న ప్రశ్నకూ కేటాయించవచ్చు.