ఒకే సర్క్యూట్‌తో వినడం, మాట్లాడడం ఎలా?

బీదర్‌లోని హామ్ రేడియో ఆపరేటర్ హైదరాబాద్‌తో మాట్లాడాలంటే ఎలాంటి సెట్ కావాలి? ముందు 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉండాలి. పగటిపూట ఆ తరంగాలను దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే, పై వాతావరణంలోని ఐనోస్ఫియర్ పొర వాటిని కిందికి తిప్పి పంపుతుంది. మధ్యలో గుట్టలున్నా ఫరవాలేదు.

ధర కూడా అందుబాటులో ఉండాలి కదా! హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే రేడియో సెట్ డిజైన్ కిటుకంతా ఖర్చు తగ్గించడంలోనే ఉంది. మాట వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే క్రిస్టల్ ఫిల్టర్, అవే మిక్సర్లు. యాంప్లిఫయర్లు రెండు దిశల్లోనూ పనిచేస్తాయి. దాంతో విడిభాగాలు బాగా తగ్గాయి. తొలి డిజైన్‌లోనైతే కాయిల్‌ను కుళాయి వాషర్ మీద చుట్టమన్నారు!

ఆ డిజైన్‌కు తర్వాతి రూపంగా 2017లో వచ్చిన మైక్రోబిట్‌ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. పవర్ సుమారు 10 వాట్లే. ఖరీదైన సెట్ల హంగులు లేవు, నిజమే. కానీ సర్క్యూట్ బొమ్మ అందరికీ దొరుకుతుంది, పాడైతే ఎవరికి వారే విప్పి బాగుచేసుకోవచ్చు.