గేటుకు తాళం ఒక్కటే చాలదు

నేడు కంప్యూటర్ లేని ఆఫీసు లేదు. బ్యాంకు, మండలాఫీసు, ఆస్పత్రి, యూనివర్సిటీ, ఎక్కడ చూసినా పనంతా నెట్‌వర్క్ మీదనే నడుస్తున్నది. మన హాస్టల్లో చదివి వెళ్ళిన అన్నలు, అక్కలు ఎందరో ఇలాంటి చోట్ల ఆపరేటర్లుగా, అసిస్టెంట్లుగా పని చేస్తున్నారు, అందులోనూ కాంట్రాక్టు పద్ధతిన. ఎక్కడైనా సైబర్ దాడి జరిగితే "ఆ మెయిల్ తెరిచిందెవరు?" అన్నదే పైవాళ్ళ మొదటి ప్రశ్న. అడగడం తప్పు కాదు గాని, విచారణ అక్కడితో ఆగిపోవడం తప్పని మా అభిప్రాయం. ఎందుకో జరిగిన సంఘటనలతోనే చెప్తాము.

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. తుపాకీ లేదు, ముసుగు లేదు. పోలీసులు తేల్చినదాని ప్రకారం అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈ-మెయిళ్ళు వచ్చాయి. వాటిని తెరిచినవాళ్ళ కంప్యూటర్లలోకి ఒక దొంగ ప్రోగ్రాము దిగింది. ఆ కంప్యూటర్‌ను ఎక్కడో కూర్చుని నడిపించవచ్చు. కీబోర్డు మీద ఏ అక్షరం నొక్కినా అది దొంగకు చేరుతుంది, పాస్‌వర్డులతో సహా. అలా మెల్లగా ప్రధాన సర్వర్ దాకా వెళ్ళి, కొన్ని ఖాతాలలో లేని సొమ్మును ఉన్నట్టు చూపి, అక్కడి నుండి వందల ఖాతాలకు మళ్ళించి, ఏ.టి.ఎం.లలో డ్రా చేసుకున్నారు.

ఒక ఉద్యోగి టేబుల్ మీది కంప్యూటర్ నుండి ప్రధాన సర్వర్ దాకా దారి ఎలా దొరికింది? అసలు ప్రశ్న ఇది. సరైన ఫైర్‌వాల్ లేకపోవడం, నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీయకపోవడం వంటి లోపాలను నాటి పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ పత్రికల వారి ముందు పెట్టారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ జరిమానా బ్యాంకుకే పడింది.

నెట్‌వర్క్‌ను విడదీయడమంటే ఏమిటో హాస్టల్ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. అయినా మనలో ప్రతి ఒక్కరమూ ట్రంకు పెట్టెకు తాళం వేస్తాము. స్టోరు రూముకు ఇంకో తాళం, ఆ చెవి అందరి దగ్గరా ఉండదు. ఎవడైనా గోడ దూకి లోపలికి వచ్చినా బియ్యం బస్తాల దాకా పోలేడు. ఫైర్‌వాల్ గేటు వంటిది. లోపలి విభాగాల మధ్య అడ్డుగోడలు, ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వడం, ఇవి ట్రంకు తాళాలు, స్టోరు తాళాలు. మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. వేయిమంది ఉద్యోగులలో ఒక్కరైనా ఏదో ఒక రోజు తెరుస్తారు. అది ముందే తెలిసిన సంగతి కనుక, ఒక్క మెయిల్‌తో మొత్తం కూలిపోయిందంటే కట్టడమే బలహీనమన్నమాట.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. రాన్సమ్‌వేర్ మన ఫైళ్ళకు రహస్య తాళం వేసి, చెవి కోసం డబ్బు అడిగే ప్రోగ్రాము. అయిదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. దేశం నలుమూలల నుండి వచ్చిన పేద రోగులు బారులు తీరి నిలబడగా, ఓ.పి. చీటీలు, పరీక్షల రిపోర్టులు చేతితో రాయవలసి వచ్చింది. కారణం ఏమని రాజ్యసభలో అడిగితే మంత్రిగారి జవాబులోనూ అదే మాట: నెట్‌వర్క్‌ను సరిగా విభజించలేదు.

ఇంకొన్నిసార్లు మెయిల్ కూడా అక్కరలేదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ దాదాపు 150 దేశాలలో వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చిలోనే విడుదల చేసింది. రెండు నెలలు చాలామంది వేసుకోలేదు, అంతే.

"ఇప్పుడంతా క్లౌడ్‌లో పెడుతున్నారు కదా, ఇంక భయమేముంది?" అని జూనియర్లు అడుగుతుంటారు. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు. వేరొక కంపెనీ కంప్యూటర్లను అద్దెకు తీసుకోవడమే. బిల్డింగు ఓనరు గోడలు, కరెంటు, నీళ్ళు ఇస్తాడు. మన గది తాళం మనమే వేసుకోవాలి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ అనే బ్యాంకు అమెజాన్ క్లౌడ్‌లో పెట్టుకున్న పది కోట్ల మందికి పైగా ఖాతాదారుల, దరఖాస్తుదారుల వివరాలు బయటికి పోయాయి. ఫైర్‌వాల్‌ను బ్యాంకు వారే సరిగా అమర్చుకోలేదు. పైగా దానికి అవసరానికి మించిన అధికారాలు ఇచ్చారు. మరుసటి ఏడాది ఎనిమిది కోట్ల డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే నంబరు కూడా అడిగే రెండంచెల పద్ధతి క్లౌడ్ ఖాతాలకు తప్పనిసరి. దీని గురించి అందరికీ తెలుసు, పెట్టుకునేవాళ్ళే తక్కువ.

బ్యాకప్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ డెన్మార్క్‌కు చెందిన మెర్స్క్ ఓడల కంపెనీ నెట్‌వర్క్‌ను ప్రపంచవ్యాప్తంగా తుడిచిపెట్టింది. లాగిన్‌లను నడిపే సర్వర్లు నూటికి పైగా ఉన్నా, అవి ఒకదాని నకలు ఒకటి దాచుకునేవి. అన్నీ ఒకే తీగకు ఉండటంతో అన్నీ ఒకేసారి పోయాయి. ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఒక్కటి మాత్రం మిగిలింది. దాడి సమయంలో అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోతను మనం ఎంత తిట్టుకున్నామో గాని, అంత పెద్ద కంపెనీని ఆదుకున్నది అదే. నెట్‌వర్క్ నుండి పూర్తిగా విడదీసిన నకలు ఒకటి ఎప్పుడూ ఉండాలని నిపుణులు చెప్పేది ఇందుకే. ఆ నకలు నుండి ఫైళ్ళు నిజంగా తిరిగి వస్తున్నాయో లేదో అప్పుడప్పుడు తీసి చూడాలి కూడా.

2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం, దాడిని గుర్తించిన 6 గంటలలోగా ఏ సంస్థయినా తమకు తెలియజేయాలి. కంప్యూటర్ల లాగ్ రికార్డులను 180 రోజులు భద్రపరచాలి. ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న భయంతో కింది ఉద్యోగి నోరు మెదపని చోట ఆ 6 గంటలు ఇట్టే కరిగిపోతాయి. కనుక కొత్తగా ఉద్యోగంలో చేరే మన మిత్రులకు మాదొక్క మనవి: చేరిన మొదటి వారంలోనే, కంప్యూటర్‌లో ఏదైనా తేడా కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి, ఆ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. కంప్యూటర్‌లో కాదు సుమా!