ఉచిత పాఠములు – కోడింగు విద్య

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా, దానికి తెలియు భాషలో వ్రాసి యిచ్చుటయే కోడింగు. ఇది నేర్చుటకు పట్టణమునకు బోయి వేలరూపాయలు వెచ్చింప నక్కరలేదు. ఐ.ఐ.టి.లును బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థయు 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు ఉచితముగా లభించును. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము గోరువారే రుసుము చెల్లింతురు.

నేనును పైథాను భాష నారంభించితిని. పది పాఠములు వింటిని. అంతయు తెలిసినట్లే తోచెను. వ్రాయబోగా, వాక్యాంతమున రెండు చుక్కలు విడిచినందున యంత్రము నా వ్రాతను నిరాకరించెను. మన యభిప్రాయము దాని కక్కరలేదు, వ్రాసినదే ప్రమాణము. సూత్రములు వల్లించినంతనే వ్యాకరణము రాదు. రూపములు సాధించినపుడే వచ్చును. ఇదియు నంతే.

వెలలేని విద్యను నడుమ విడుచుట సులభము. కావున పిల్లలకు ఫోను మాత్రమిచ్చి యూరకుండక, దినమున కొక గంట తీరిక గూడ నిండు. ముఖ్యముగా వారి తప్పులకు నవ్వకుడు. తప్పును వెదకి దిద్దుకొనుటయే యీ విద్యలో సగము.