కీర్తి యెవరి చేతిలో నున్నది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి - ఈ రెండును మనుష్యుల పేర్లు. దోమకొండ సంస్థాన ప్రభువులలో నొకడగు కామిరెడ్డి పేర కామారెడ్డి వెలసినదని పెద్దలు చెప్పుదురు. ఎల్లారెడ్డి యెవరని యా యూరి సంతలో నడిగినచో, పదిమందిలో నొక్కడైన తడుముకొనక చెప్పునో లేదో! ఊరికి పేరిచ్చిన వానినే యూరు మరచినది. అచ్చటనే నేడు పదేండ్ల బాలుడు సినిమా నటుని పుట్టినదినమును, అతని కార్ల వివరములను ఏకరువు పెట్టగలడు. మూడు నాలుగు తరములలో కీర్తి యెన్ని చేతులు మారినదో చూడగోరువారు దూరము పోనక్కరలేదు.

తాతల కాలమున గొప్పవాడనగా గడిలోని దొర. తెలంగాణమున పెక్కు గడుల యెదుట చెప్పులు చేతబట్టుకొని నడచిన వారి మనుమలు నేటికిని మన నడుమ నున్నారు. ఆ పేరు భయము వలన గలిగినది. మెచ్చుకోలుతో దానికి పనిలేదు. జనులు మనసార మెచ్చిన పేరు వేఱొకటి యుండెను. అది చిందు భాగవతులది. పంటలు చేతికి వచ్చిన పిదప వారు మేళము గట్టుకొని వచ్చి, కిరీటములు భుజకీర్తులు దాల్చి, చెంచులక్ష్మిని, సారంగధరుని, జాంబ పురాణమును తెల్లవారువరకు నాడెడివారు. రాత్రి వారికి చేతులు జోడించిన వారే పగలు వారిని వాకిటనే నిలిపి గింజలు కొలిచి పంపుచుండిరి. ఇట్లు చేసినవారు పరాయివారు కారు, మన పెద్దలే. ఈ నిజామాబాదు సీమలో జీవితమంతయు నా కళకే ధారపోసిన చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసినది. ఆమె పేరు వినని యువకులు నేడు కామారెడ్డి కళాశాలలలో నెందరుందురో!

1900 ప్రాంతమున గోదావరి లోయ రైలుమార్గము కామారెడ్డి మీదుగా సాగెను. ఎల్లారెడ్డికి రైలు నేటికిని రాలేదు. కాని దానికి సమీపమున మంజీర నడ్డగించి 1923లో మొదలిడిన నిజాంసాగరము 1931 నాటికి పూర్తియయ్యెను. దానికి ప్రభువు పేరు పెట్టిరి. దానిని నిర్మించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పేరు చాలకాలము మరుగుననే యుండి, తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప నాయన జన్మదినమైన జూలై 11 ఇంజనీర్ల దినోత్సవమైనది. రాయి మోసిన వారి పేర్లు ఎచ్చటను లేవు.

1932లో నిజాము రాజ్యమున ప్రభుత్వ బస్సులు తిరుగసాగెను. ఆ యేటనే తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలయ్యెను. నాటినుండి కిరీటము చిందువారి తలమీదినుండి తెరమీది తలకు మారినది. ‘మాయాబజార్’ వచ్చిన 1957 తరువాత శ్రీకృష్ణుడనగా నందమూరి తారక రామారావు మొగమే జనుల కండ్లకు గట్టెను. ఆ మొగమే 1982లో పార్టీని స్థాపించి, 1983లో ముఖ్యమంత్రి పీఠ మెక్కెను. దీనిని నటుని మోజని తీసివేయుట తగదు. తరతరాల పటేలు పట్వారీల అధికారమును 1984లో రద్దుచేసినది ఆ ప్రభుత్వమే. 1985లో ఎల్లారెడ్డి వంటి తాలూకాలను తీసి మండలముల నేర్పరచినదియు నదే. పహాణీ నకలు కొఱకు పట్వారి యరుగు మీద పడిగాపులు పడిన రైతునకు ఆ మార్పు తెరమీదిది గాదు, దినదినము ననుభవమునకు వచ్చినది.

భాష సంగతి చూడుడు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. పుస్తకములలో బదులు దొరకినను, సినిమాలలో మాత్ర మీ సీమ మాట చిరకాలము రౌడీకిని, హాస్యగానికిని దక్క నాయికకు దక్కలేదు. 2017లో వచ్చిన ‘ఫిదా’లో నాయిక మన భాన్సువాడ పిల్ల. మన మాటనే, సిగ్గుపడక, సవరించుకొనక, కథ పొడుగునను పలికినది. అట్లు పలికిన సాయిపల్లవి మాతృభాష తెలుగు కాదు! మన బిడ్డలకు మన మాట ముద్దని చెప్పుటకు పరభాషా బాలిక రావలసివచ్చినది.

ఇంటి బ్రతుకు నిట్లే మారినది. బీడీలు చుట్టుకొనుచు తల్లి యిచ్చట, దుబాయిలోనో మస్కటులోనో కొడుకచ్చట. మొదట నుత్తరములు, పిదప గొంతు నింపి పంపిన క్యాసెట్లు, నేడు చేతిలోని ఫోనున కొడుకు మొగము. ఆ ఫోనులోనే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వయు గనుపించును. పొలము కూలి చేసిన ఆ వృద్ధురాలు ‘మై విలేజ్ షో’ వలన ప్రసిద్ధి కెక్కి, 2020లో బిగ్ బాస్ ఇంటిలో నడుగిడెను. గడి లేదు, కిరీటము లేదు. ఉన్నది మన పల్లె మాటయే. ఇక దోమకొండ గడికి 2022లో యునెస్కో వారి వారసత్వ పరిరక్షణ పురస్కారము వచ్చినది. అయినను, 2012లో ఆ వంశపు ఆడపడుచును పెండ్లాడిన నటుడు రామ్ చరణ్ అత్తవారి కోటగానే బాలురు దాని నెఱుగుదురు. కీర్తి యెటునుండి యెటు ప్రవహించుచున్నదో గదా!

పేరుకు ప్రజలు లొంగిపోయిరని యనుకొందమన్నను వీలులేదు. 2023 డిసెంబరు 3న కామారెడ్డి శాసనసభ స్థానమున వోట్లు లెక్కించిరి. పోటీలో నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు ఒకరు. నాలుగు దినములలో ముఖ్యమంత్రి కానున్న రేవంత్ రెడ్డి మఱియొకరు. గెలిచినవారు స్థానికుడైన కాటిపల్లి వెంకట రమణారెడ్డి. ఆయనకు 66,652 వోట్లు, చంద్రశేఖరరావునకు 59,911, రేవంత్ రెడ్డికి 54,916. పార్టీల మాట యటుంచుడు. ఎంత పెద్ద పేరున్నను ముందు తూచి చూతుమని యీ యూరు చెప్పినది.

ఆ త్రాసును చిందువారి విషయమున మాత్ర మేల యటకెక్కించితిమి? నేటి పెండ్లిలో, జాతరలో పాటల పెట్టెకును, రంగుదీపములకును వేలకు వేలు పోయుదుము. చిందు మేళము వచ్చినచో క్షణకాలము ఫోనున పట్టి, నలుగురికి పంపి, బేరమాడి పంపివేయుదుము. వెనుకటివారు వాకిట నిలిపినను రాత్రియంతయు గూర్చుండి చూచిరి. మన మదియు మానితిమి. రానున్న జాతరకు కామారెడ్డి, ఎల్లారెడ్డి గ్రామముల పెద్దలు వ్రాసికొను ఖర్చుల పద్దులో చిందు మేళమునకు పూర్తి రాత్రి యొకటి కేటాయించి, దాని కెంత వ్రాసిరో అడిగి చూడవలయును.