దగ్గరి తొవ్వ ప్రతిసారీ మంచి తొవ్వ కాదు

వైఫై గురించి మన ఊర్లల్ల ఒక నమ్మకం గట్టిగ పాతుకపోయింది. సిగ్నల్ అందకపోతే నడుమ ఇంకో డబ్బా పెట్టు, అదీ అందకపోతే ఇంకోటి పెట్టు, గట్ల చెరువు కట్ట దాకా పోవచ్చు అని. డబ్బాలు అమ్మేటోళ్లు సుత ఇదే చెప్తరు. పెట్టిన రోజు అందరూ ఖుష్. వారం దాటంగనే మూడో ఇంట్ల వీడియో గిర్రగిర్ర తిరుగుడే. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగ కనిపిస్తయి. అందరూ డబ్బాను తిడ్తరు. నన్నడిగితే చానాసార్లు తప్పు డబ్బాది కాదు, తొవ్వది.

ఒక రేడియో నుంచి ఇంకో రేడియోకు, ఆడికెళ్లి ఇంకోదానికి మాట దాటించే పద్ధతిని మల్టీహాప్ అంటరు. ఒక్కో దాటుడును నేను దుంకు అంట. ఇండ్ల మొదటి సంగతి: ఒకే చానెల్ మీద నడిచే రేడియో ఒకేసారి వినుడు, మాట్లాడుడు రెండూ చెయ్యలేదు. పక్కోడు మాట్లాడుతుంటే నోరు మూసుకోవాలె. అందుకే గొలుసు పెరిగినకొద్దీ స్పీడ్ కోసుకపోతది. 2001ల ఎంఐటీ పరిశోధకులు దీని లెక్క తీసిండ్రు. పొడుగు గొలుసుల ఎంత బాగ నడిచినా ఒక్క దుంకు స్పీడ్‌ల నాలుగో వంతే దక్కుతది. మామూలు వైఫై పద్ధతితోని సిమ్యులేషన్ చేస్తే ఏడో వంతుకు పడిపోయింది.

అట్లయితే దుంకులు తక్కువున్న తొవ్వే పట్టాలె కదా అనిపిస్తది. మొదట్ల రూటింగ్ రాసినోళ్లు సుత గట్లనే అనుకున్నరు. అసలు కిరికిరి ఈడనే ఉన్నది. దుంకులు తక్కువ కావాలంటే ఒక్కో దుంకు దూరం పెరగాలె. దూరం పెరిగితే ఆ లింకు బలహీనమైతది. అంటే తక్కువ దుంకుల లెక్క పట్టిన మిషన్, ఉన్న లింకులల్ల నాసిరకపువాటినే ఏరి ఏరి పట్టుకుంటది! వానకాలంల దగ్గరైతదని వాగుకు అడ్డంబడి పోయినట్టు. ఇంకో మోసం సుత ఉన్నది. రౌటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే సందేశాలు చిన్నగుంటయి, నెమ్మది స్పీడ్‌ల పోతయి, అందుకే దూరం దాకా చేరుతయి. అసలు డేటా పెద్దది, నడుమల్నే చెడిపోతది. లింకు ఉన్నట్టే కనిపిస్తది, పని మాత్రం కాదు.

దీనికి మందు 2003ల దొరికింది. ఎంఐటీల డగ్లస్ డి కూటో, రాబర్ట్ మోరిస్ బృందం ఈటీఎక్స్ అనే కొలత తెచ్చింది. ఒక ప్యాకెట్ అవతలికి చేరాలంటే సగటున ఎన్నిసార్లు పంపాల్సొస్తది, గంతే లెక్క. పోయేటప్పుడు సగం, "అందింది" అన్న జవాబు వచ్చేటప్పుడు సగం పోతున్నయనుకో. 0.5ని 0.5తోని గుణిస్తే 0.25, అంటే నాలుగుసార్లు పంపాలె. అదే నడుమ ఒక ఇల్లుండి, రెండు దుంకులు, ఒక్కోటి అటు ఇటు పదింట తొమ్మిది చేరుతుంటే? ఒక్కో దుంకుకు 1.23, రెండిటికి కలిపి దాదాపు 2.5. రెండు దుంకుల తొవ్వే గెలిచింది.

ఇది కాయితం మీది ముచ్చట కాదు. అమెరికాల కేంబ్రిడ్జ్ పట్నంల ఇండ్ల కప్పుల మీద రూఫ్‌నెట్ అని 37 రేడియోల నెట్‌వర్క్ కట్టిండ్రు. ఏడ ఏది పెట్టాలె అన్న ప్లాన్ లేకుంటనే కట్టిండ్రు. 2005ల చెప్పిన లెక్క ప్రకారం సగటు స్పీడ్ సెకనుకు 627 కిలోబిట్లు. ఇయ్యాల నవ్వొస్తది గానీ అప్పటి రోజులకు, అదీ ప్లాన్ లేని నెట్‌వర్క్‌కు, మంచి స్పీడే.

ఇగ తొవ్వ వెతికే పద్ధతులు. ఏఓడీవీ అనేది అవసరం పడ్డప్పుడే వెతుకుతది, బర్రె తప్పిపోతే ఊరంత దండోరా ఏసినట్టు. అప్పుడప్పుడు మాట్లాడే నెట్‌వర్క్‌కు ఇది మంచిది. ఓఎల్‌ఎస్‌ఆర్ అట్ల కాదు, ముందుగాలనే మొత్తం పటం గీసి పెట్టుకుంటది, తొవ్వ ఎప్పుడూ తయారుంటది. బెర్లిన్‌ల ఫ్రైఫుంక్ అనే జనాల నెట్‌వర్క్ దీన్నే వాడింది. రేడియోలు పెరిగినకొద్దీ చిన్న రౌటర్లకు ఆ పటం లెక్క మోయలేని బరువైంది. గప్పుడు వాళ్లే బ్యాట్‌మన్ అనే పద్ధతి రాసుకున్నరు. ఇండ్ల ఎవ్వలకూ మొత్తం పటం తెల్వది. "ఫలానాయన ఇంటికి పోవాలంటే నా పక్కోళ్లల్ల ఎవలికిస్తే మంచిగుంటది" అన్నదొక్కటే తెలుసు. బాట అడిగితే పల్లెల మనిషి చెప్పేది గంతే కదా! 2011ల ఇది లినక్స్ కెర్నెల్‌ల చేరింది. చిన్న ఊరికి ఏది పెట్టాలె అని నన్నడిగితే నేను దీన్నే చెప్త.

మన గడ్డ మీద కథ జర వేరే. ఉత్తరప్రదేశ్‌ల ఐఐటీ కాన్పూర్ డిజిటల్ గంగెటిక్ ప్లెయిన్, మన పశ్చిమ గోదావరిల అశ్విని నెట్‌వర్క్ ఇండ్ల మధ్య కాదు, ఊర్ల మధ్య వైఫై గుంజినయి. దూరాలు కిలోమీటర్లల్ల ఉంటయి, యాంటెన్నాలు ఒకదాని మొఖం ఒకటి చూస్తుంటయి. ఈడ తొవ్వ వెతుకుడు పెద్ద కష్టం కాదు, తొవ్వ ముందే ఖాయమైతది. ఖర్చంత టవర్ ఎత్తుదే. కాబట్టి ఊరికి ఊరికి నడుమ గురిపెట్టిన యాంటెన్నా, ఊరి లోపట బ్యాట్‌మన్, ఇదీ నా లెక్క. రెండిటికీ ఒకే రేడియో వాడొద్దు. ఊరి బయటికి పోయే లింకు 5 గిగాహెర్ట్జ్ మీద, ఇండ్లకు 2.4 మీద పెడితే ఒకదాని నోరు ఒకటి ముయ్యదు. ఈ బ్యాండ్లకు చెప్పిన పవర్ హద్దుల లోపల లైసెన్స్ అక్కర్లేదు. 2.4కు 2005ల, 5లో ఎక్కువ భాగానికి 2018ల ఆ వెసులుబాటు వచ్చింది. ఇంటర్నెట్ అమ్ముడు మాత్రం వేరే ముచ్చట, దానికి 2020ల వచ్చిన పీఎం వాణి నియమాలు సదువుకోండ్రి.

పెట్టినంక పింగ్ కొట్టి "ఒక్కటీ పోలే" అని మురిసిపోకండ్రి. వైఫై లోపల్లోపల మళ్ల మళ్ల పంపి, పోయినవాటిని కప్పిపెడ్తది. బ్యాట్‌సీటీఎల్ కమాండ్ల పక్కోళ్ల లింకు నాణ్యత 255కు ఎంతో కనిపిస్తది. అది సగానికి దిగిన దగ్గర కొత్త డబ్బా కొనకముందు యాంటెన్నా జరిపి చూడుండ్రి, నడుమ యాపచెట్టు కొమ్మ అడ్డమున్నదేమో చూడుండ్రి.