వల గుండ్లకు ఇంట్లోనే అచ్చు. పొయ్యి మాత్రం వేరు

ఇడుపులపాయ: నంది కొండల్లో పుట్టిన పాపాఘ్ని గండి దగ్గర కొండను చీల్చుకుని వేంపల్లె వైపు సాగి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే ఏరు ఇది. వాన కురిసి నీళ్లు వచ్చాయంటే మాత్రం మడుగుల్లోను, చెరువుల్లోను విసురు వలలు పడతాయి. అటు పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయం, జమ్మలమడుగు వైపు మైలవరం, గండికోట జలాశయాలు ఉండడంతో ఈ మెట్ట సీమలోనూ చేపల వేట కొన్ని కుటుంబాలకు బతుకు తెరువయింది.

వలను ఎంత నేర్పుగా అల్లినా అంచున గుండ్లు లేకపోతే అది నీటి మీద తేలే గుడ్డతో సమానం. విసిరిన వల గొడుగులా విచ్చుకుని, చేప తప్పించుకునేలోగా అడుగుకు చేరాలంటే బరువు కావాలి. ఆ బరువు అన్ని వైపులా సమంగా ఉండాలి. ఒక వైపు తేలికయితే వల ఒరిగి పడుతుంది. లేచిన అంచు కింద నుంచి శీలావతి, బొచ్చె జారిపోతాయి. గుండ్లను అచ్చులో పోసుకునేది ఇందుకే.

లెక్క చాలా సులభం. ఆరడుగుల పొడవు వలను గుండ్రంగా పరిస్తే అంచు చుట్టుకొలత దాదాపు 38 అడుగులు వస్తుంది. నాలుగు అంగుళాలకు ఒక గుండు చొప్పున 113 గుండ్లు కావాలి. గుండు 20 గ్రాములయితే మొత్తం రెండుంపావు కిలోల సీసం పడుతుంది.

బలపపు రాయే మేలు

అచ్చుకు అన్నిటికంటే అనువైనది బలపపు రాయి. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో దొరికే ఈ రాయి మెత్తన. మేకుతో గీసినా గాటు పడుతుంది, వేడికి తొందరగా పగలదు. పొరలు పొరలుగా ఉండే నాపరాయి ఈ పనికి రాదు, వేడి తగిలితే చిట్లుతుంది.

రెండు రాతి పలకలు తీసుకుని, మధ్య తడి ఇసుక వేసి ఒకదానిపై ఒకటి రుద్దితే సందు లేకుండా అతుకుతాయి. ఒక్కో పలకలో సగం గుండు ఆకారంలో గుంటలు తొలవాలి. రెండు పలకలూ ప్రతిసారీ ఒకేచోట కూర్చునేలా మూలల్లో రంధ్రాలు చేసి రెండు మేకులు బిగించాలి. పైనుంచి లోహం పోయడానికి ఒక కాలువ, లోపలి గాలి పోవడానికి వెంట్రుకంత గీత ఉండాలి. గుండుకు బెజ్జం పడాలంటే గుంట మధ్యలో సైకిలు పుల్లను పడుకోబెట్టాలి. పోత చల్లారాక పుల్లను లాగేస్తే దారం దూరే దారి మిగులుతుంది.

రాతిని ఎండుగా తొలిస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కనుక తడిపి తొలవాలి. ఈ ప్రాంతంలో మరో జాగ్రత్త కూడా అవసరం. పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె ప్రాంతం ఒకప్పుడు రాతినార గనులకు పేరుపడింది. బలపపు రాయి పక్కనే ఆ నార కూడా ఉంటుంది. పీచులా లేచే చారలున్న రాయిని అసలు ముట్టకూడదు. ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది.

రాయి దొరకనివారు కుమ్మరి మట్టిలో ఇసుక కలిపి అచ్చు చేసి, నీడన ఆరబెట్టి, కాల్చి వాడవచ్చు. కర్ర అచ్చు పది పోతలకే మాడిపోతుంది.

నీటి చుక్కే శత్రువు

సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. కట్టెల పొయ్యి వేడి ఇందుకు చాలు. ఎండు చీపురు పుల్లను ముంచితే గోధుమ రంగుకు మాడే వేడి సరిపోతుంది. ఎర్రబడేదాకా కాచితే విషపు పొగ పెరుగుతుంది. పైన తేలే తెట్టును ఇనుప గరిటెతో తీసి, మూత ఉన్న డబ్బాలో వేయాలి. అచ్చు లోపలి భాగానికి దీపపు మసి పట్టిస్తే గుండు సులువుగా ఊడి వస్తుంది. అచ్చు చల్లగా ఉన్నప్పుడు మొదటి రెండు మూడు పోతలు సొట్టలు పోవడం మామూలే. వాటిని మళ్లీ కరిగించుకోవచ్చు.

అసలు ప్రమాదం తడితో వస్తుంది. నీరు ఆవిరయితే దాదాపు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. కరిగిన సీసం కింద ఒక్క చుక్క చిక్కినా ఆవిరి ఎగదన్ని లోహాన్ని కళ్లలోకి, ముఖం మీదికి చిమ్ముతుంది. తొలిచేటప్పుడు తడిపిన రాయిని చాలా రోజులు ఎండలో ఉంచి, పోత పోసే రోజు నిప్పు పక్కన మెల్లగా వేడిచేసిన తర్వాతే వాడాలి. చాలామంది మరిచేది ఇంకొకటుంది. పాత వల నుంచి ఊడదీసిన గుండ్ల బెజ్జాల్లో తడి దాగి ఉంటుంది. వాటిని కరిగిన సీసంలో వేయకూడదు. చల్లటి మూకుట్లోనే వేసి, మొదటి నుంచి సన్న సెగపై కాచాలి. ప్రొద్దుటూరు బంగారు పనివారు తడి దిమ్మెలో లోహం పోయరు. ఆ జాగ్రత్తే ఇక్కడా పాటించాలి.

పిల్లలకే ఎక్కువ చేటు

ఇంతకంటే పెద్ద ముప్పు కంటికి కనిపించదు. సీసం ఒంట్లో చేరితే త్వరగా బయటికి పోదు, ఎముకల్లో నిలిచిపోతుంది. పెద్దల కంటే పసిపిల్లల ఒంటికి ఎక్కువగా పడుతుంది, వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి పెట్రోలులో సీసం కలపడం మానేసింది ఈ కారణంగానే. హంసలు సీసపు గుండ్లు మింగి చస్తున్నాయని బ్రిటన్‌లో 1987లో గాలాలకు కట్టే చిన్న సీసపు గుండ్లను చాలావరకు నిషేధించారు.

కనుక అన్నం వండే పొయ్యి మీద సీసం కరిగించకూడదు. ఆ మూకుడు, గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేలా కూర్చోవాలి. పిల్లలను, గర్భిణులను దగ్గరకు రానివ్వకూడదు. గుండును పళ్లతో కొరికి బిగించడం మానుకోవాలి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడిగే ఏదైనా తినాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. ఇక సీసం కోసం పాత బ్యాటరీలు పగలగొట్టడం అన్నిటికంటే చెడ్డది. లోపలి ఆమ్లం ఒళ్లు కాలుస్తుంది, సీసపు పొడి పెరటి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. వాటిని కొత్త బ్యాటరీ కొన్న అంగట్లో తిరిగి ఇచ్చేయడమే సరైన పద్ధతి.

ఇనుము ఉండగా...

సీసానికి బదులు లేదనుకోవడం పొరపాటు. నీటిలో మునిగితే కిలో సీసం 912 గ్రాములు తూగుతుంది, కిలో ఇనుము 872 గ్రాములు తూగుతుంది. తేడా స్వల్పమే. రెండుంపావు కిలోల సీసం చేసే పనిని అంచుకు కట్టిన రెండు కిలోల 350 గ్రాముల ఇనుప గొలుసు చేస్తుంది. దానికి పొయ్యీ అక్కరలేదు, పొగా ఉండదు. తుప్పు పట్టి దారాన్ని కోయడమే దాని లోటు. వేట అయ్యాక వలను కడిగి ఆరబెట్టి, గొలుసుకు కాస్త నూనె రాస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. కాల్చిన మట్టి గుండ్లు పూర్వం నుంచీ ఉన్నవే. అయితే అవి నీటిలో సగం బరువు కోల్పోతాయి. సీసానికి సరితూగాలంటే పరిమాణం పదింతలు కావాలి. నిలకడగా కట్టే వలలకు అవి సరిపోతాయి కాని, విసురు వలకు పనికిరావు.

సీసం వదలలేనివారి కోసం మత్స్యకార సహకార సంఘాలు ఊరికొక మంచి రాతి అచ్చు, ఊరి బయట ఒక రేకుల పంచ ఏర్పాటు చేస్తే ఇంటింటా పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. ఖర్చు కొద్దిపాటిదే. పంచలో పోసిన గుండు బరువులో ఇంట్లో పోసిన గుండుకు ఏమీ తీసిపోదు. వల నిండా చేపలు తెచ్చేది ఇంట్లో బిడ్డల కోసమే గనుక, ఆ బిడ్డల ఒంట్లో సీసం చేరకుండా చూసుకోవడమూ వేటలో భాగమే.